కంచుపండు ఎవరి దగ్గరుంది?

ఝపటాపూర్, ఖరగ్‌పూర్
12 జూన్ 1988

చినతాతా,

ముందు వందనాలు, వెంటనే క్షమాపణలు. ఈస్టరుకు రాయాల్సిన ఉత్తరం జూన్‌లో రాస్తున్నాను. నువ్వు డ్రైవరుగా ఉన్న రోజుల్లో బండి ఇంత లేటయితే కంట్రోలు వాళ్ళకు ఏం చెప్పేవాడివో, అదే నా తరఫున నీకు నువ్వే చెప్పుకో.

ఇక్కడ అందరం బాగున్నాం. నాన్న వర్క్‌షాపు సైరను కూయకముందే సైకిలెక్కి వెళ్ళిపోతున్నాడు. అమ్మకు మోకాళ్ళ నొప్పులు అలాగే ఉన్నాయి. డిగ్రీ అయిపోయి నేను ఖాళీగా కూర్చున్నానని అమ్మ చర్చిలో అందరికీ చెబుతోంది. ఖాళీ ఎక్కడ? పెద్ద కథ రాస్తున్నాను. నాన్న తెచ్చే పనికిరాని జాబ్‌కార్డుల వెనక ఇప్పటికి నూట నలభై పేజీలు నిండాయి. “ఏటే ఈ రాతలు, బూతాలూ రాచ్చసులూను? పాస్టరుగారు సూస్తే ఏటనుకుంటారు?” అని అమ్మ బాధ.

తప్పు నాది కాదు. రైల్వే ఇన్‌స్టిట్యూట్ లైబ్రరీలో తెలుగు బీరువా ఒక్కటే ఉంది. అందులో మంత్రగాళ్ళున్న పుస్తకాలన్నీ రెండేసిసార్లు చదివేశాను. కొన్నింటికి చివరి పేజీలు చెదలు తినేశాయి. వాటికి చివర నేనే కట్టుకోవాల్సి వచ్చింది. పక్కింటి దీదీ బెంగాలీ కథలు పైకి చదువుతుంది, సగంలో వాళ్ళాయన వస్తే పుస్తకం మూసేస్తుంది. ఆ మిగతా సగమూ నేనే ఊహించుకోవాలి. ఇలా పాడైపోయాను.

ఇప్పుడు నా కథ విను. ఏడుకోనల అడవి, మధ్యలో ఒకే ఒక దారి. దారి కింద ఒక మృగం నిద్రపోతుంటుంది. ఒక్కరు నడిస్తే లేవదు, ఇద్దరు ఎదురుపడితే లేస్తుంది. అందుకని తూర్పు వాకిట కాపలావాడు బాటసారి చేతికి ఒక కంచుపండు ఇస్తాడు. అది ఉన్నవాడే దారిలో అడుగుపెట్టాలి, పడమటి వాకిట అప్పగించాలి. ఇది ఎక్కడ ఎత్తుకొచ్చానో నీకు తెలిసిపోయి ఉంటుంది. సింగిల్ లైను మీద డ్రైవరుకిచ్చే టోకెను బంతి!

ఆ సంగతి నాకు చెప్పింది ఇక్కడి ఖరిదా పేటలో ఉండే దేముడు తాత. 1961లో అడవి లైను మీద ఒక చిన్న స్టేషనులో పట్టాలు మార్చే పాయింట్స్‌మన్‌గా ఉండేవాడట. బండి ఆగకుండా పోతూ ఇంజను మీంచి టోకెను సంచీ విసిరితే ఆయన అందుకున్నాడు. సంచీ ఉంది, లోపల బంతి లేదు. నువ్వే పారేశావని, క్యాబిన్‌మన్ కావలసినవాణ్ణి పట్టాలు బాగుచేసే గ్యాంగులో గునపం పట్టించారు. ఇరవయ్యేడేళ్ళయింది. ఖరిదాలో ఇప్పటికీ ఆయన పేరు ‘బంతి దేముడు’. బడిపిల్లలు కూడా “బంతేదీ తాతా?” అని ఆటపట్టిస్తారు. ఆయన మాత్రం “నాను పారెయ్‌నేదు” అని ఒక్క మాట మీదే ఉన్నాడు.

నా కథలోనూ పండు పోయింది, రాజుగారు దండోరా వేయించాడు, పడమటి కాపలావాడి మీద నింద పడింది. ఎవరు తీశారో నాకు తట్టడం లేదు. అది తేలితే నా కథ పూర్తవుతుంది. ఆదివారం ఆదివారం అరుగు మీద కూర్చుని వినే దేముడు తాతకు కాస్త మనసు కుదుటపడుతుంది. “మీ సినతాతనడుగు తల్లీ. ఆ లైను సంగతులు ఆడికి తెల్సినట్టు ఎవులికీ తెల్దు” అన్నాడు.

అందుకని అడుగుతున్నాను. బంతి ఎంత బరువు? దాని మీద ఏం చెక్కి ఉంటుంది? పోతే బండ్లు ఎలా నడుస్తాయి? జేబులో పడుతుందా?

నీ మనవరాలు
ఎమిలీ


భీమిలి
27 జూన్ 1988

చిరంజీవి ఎమిలీకి సొలొమోను తాత దీవెనలు.

నీ ఉత్తరం చేరింది. ఇక్కడ సముద్రం గోలగోలగా ఉంది, పడవలు దిగడం లేదు. దేవమణి నాకు ఉప్పు మానిపించింది. కన్న కూతురు తండ్రిని ఇలా చప్పిడి కూడుతో చంపుతుందని అనుకోలేదు.

నీ అడవిలో తప్పులున్నాయి. పండు తీసుకున్నవాడు అది తన దారిదో కాదో చూసుకున్నాడని ఎక్కడా రాయలేదు. పక్క దారి పండు పట్టుకుని బయలుదేరితే నీ మృగం ఊరుకుంటుందా? బంతి మీద రెండు స్టేషన్ల పేర్లూ చెక్కి ఉంటాయి. సంచీలోంచి తీసి, చదివి, డ్రైవరుకు వినపడేలా చెప్పి, మళ్ళీ సంచీలో పెట్టి పట్టీ బిగించాలి. అది రూలు. రెండో తప్పు, పండు పోతే రాజుగారు దండోరా వేయిస్తాడని రాశావు. దండోరాతో ఏం పని? ఒక బంతి బయట ఉన్నంతకాలం స్టేషనులో బంతులిచ్చే మిషను రెండో బంతిని వదలదు. లైను కట్టుబడిపోతుంది. కాగితం మీద రాసి ఒక్కో బండినే పంపుకోవాలి, ఇన్‌స్పెక్టరు వచ్చి లెక్క సరిచేసేదాకా.

బంతి గట్టిది, ఉక్కుది, చేతికి బరువుగానే ఉంటుంది.

ఆ లైనులో నేను ఎక్కువ కాలం చెయ్యలేదు. దేముడు బతికే ఉన్నాడా? రిటైరయ్యాక ఊరెళ్ళిపోయాడని ఎవరో చెప్పగా విన్నాను. ఎలా ఉన్నాడు?

నీ కథకు ముగింపు ఎందుకంత కష్టం? పండును గద్ద ఎత్తుకుపోయిందని రాసెయ్యి. అడవి కదా, గద్దలుంటాయి.

మీ అమ్మ ఆలిస్‌ను మోకాళ్ళకు నువ్వుల నూనె రాసుకోమను.

ఇట్లు
సొలొమోను


ఝపటాపూర్
17 జూలై 1988

చినతాతా,

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. పేరు చదివి పైకి చెప్పడం! అది నాకు ఎంత నచ్చిందో చెప్పలేను. ఇప్పుడు నా అడవిలో బాటసారి పండు మీది పేరు గట్టిగా చదవందే మృగం దారి ఇవ్వదు. ఆ అధ్యాయం కొత్తగా రాశాను. దీదీకి బెంగాలీలో చెబితే “కీ షుందోర్! (ఎంత బాగుందో!)” అని టీ ఇచ్చింది. ఆ టీ సగం నీది.

గద్ద మాత్రం కుదరదు. చేతికి బరువుగా ఉంటుందని రాసింది నువ్వే. అంత బరువు ఎత్తే గద్ద ఉంటే దేముడు తాతనే ఎత్తుకుపోయి ఉండేది. ఆయన అసలే బక్కమనిషి.

నాలుగు ప్రశ్నలడిగితే మూడింటికే జవాబిచ్చావు. జేబులో పడుతుందా, పడదా?

నీ ఉత్తరం ఆయనకు చదివి వినిపించాను. బాగానే ఉన్నాడు, కాస్త ఆయాసం. అంతా విని ఇలా అన్నాడు. “బంతి పైకి తీసి సదవాలని రాసినాడు గదా. తీసి సదివినోడు తిరిగి సంచీలో ఎట్టీలోగా మజ్జిలో ఏటైనా పని తగిలితే ఏటి సేస్తాడో అడుగు.” నాకది చాలా మంచి ప్రశ్న అనిపించింది. ఇంజను మీద బంతి చదివేది ఎవరు, డ్రైవరా ఫైర్‌మనా? చదివాక ఆ చేతులతో వెంటనే ఏం పని చేస్తారు?

ఇంకో సంగతి. బంతి పోయాక మూడేళ్ళపాటు, రెస్టు దొరికిన ప్రతిరోజూ, దేముడు తాత ఆ స్టేషనుకు వెళ్ళి లైను పక్క తుప్పలన్నీ వెతికాడట. ఆయన భార్య దాలమ్మ మామ్మ అన్నం మూట కట్టి ఇచ్చేదట. మామ్మ ఆ మాట చెబుతూ కొంగు నోట్లో కుక్కుకుంది. నాకూ ఏడుపొచ్చింది.

నా కథలో ఇప్పుడు రాజు మీద అనుమానం పెట్టాను. నువ్వేమంటావు?

జేబు సంగతి రాయకపోతే ఊరుకోను.

ఎమిలీ


భీమిలి
1 ఆగస్టు 1988

ఎమిలీ,

ఈ ప్రశ్నలు నీవి కావు. ఎవరు రాయిస్తున్నారు నీ చేత? మీ నాన్నా? ఖరిదా యూనియన్ వాళ్ళా? అరవయ్యేళ్ళవాణ్ణి కూర్చోబెట్టి ఎంక్వయిరీ చేస్తున్నావు.

రిటైరైన మనిషిని నేను. ప్రార్థన చేసుకుని సముద్రం చూసుకుంటూ బతుకుతున్నాను. ఫైర్‌మన్ ఏం చేస్తాడు, చేతులెక్కడ పెడతాడు, ఇదంతా ఎందుకు? మీ అమ్మ చెప్పిందే నిజం. రాక్షసులూ మృగాలూ క్రైస్తవుల ఇంట్లో పుట్టిన పిల్ల రాయాల్సినవి కావు. లేనివాటిని కల్పించడం అబద్ధమాడటమే. ఆ కాగితాలు మూటకట్టి అవతల పెట్టు. రైల్వే పరీక్షలకు చదువుకో.

మూసేసిన లైను మీద బండి నడపొద్దు. ఇక ఈ విషయం రాయకు.

సొలొమోను


ఝపటాపూర్
21 ఆగస్టు 1988

చినతాతగారికి,

వందనాలు.

మీరు చెప్పినట్టే చేశాను. జాబ్‌కార్డులు పురికొసతో కట్టి బీరువా మీద పెట్టాను. అమ్మకు సంతోషంగా ఉంది. నాకు లేదు.

నా చేత ఎవరూ రాయించలేదు. నేను ఏం చూసినా నాకు ప్రశ్నలే వస్తాయి. చిన్నప్పుడు మీరు సెలవులకొచ్చినప్పుడు “ఇంజను రాత్రి ఎక్కడ పడుకుంటుంది?” అని అడిగితే భుజాన ఎక్కించుకుని షెడ్డుకు తీసుకెళ్ళి చూపించారు. అదే చినతాత కదా అని అడిగాను. కథ రాయడం పాపమని మీరంటారని అనుకోలేదు.

ఆదివారం ఖరిదా వెళ్ళి ఇక కథ లేదని చెప్పొచ్చాను. దేముడు తాతకు వారం నుంచి జ్వరం. మంచం మీదే పడుకుని విన్నాడు. “అయితే పండు ఎవులికాడుందో ఇంక తెల్దా?” అన్నాడు. ఆయన గోడవైపు తిరిగి పడుకున్నాడు. నేను కాసేపు కూర్చుని వచ్చేశాను.

ఒక్కమాట చెప్పి ఆపేస్తాను. రాజు కాదని నాకు తెలిసిపోయింది. పండు తీసినవాడు దొంగ కాడు, చినతాతా. దొంగకు ఆ పండెందుకు, దేనికీ పనికిరాదు. ఎవడో మామూలు మనిషి, మంచివాడే. పొరపాటున తనతో వచ్చేసిన దాన్ని మర్నాడే ఇచ్చేద్దామనుకున్నాడు. మర్నాటికి భయం పట్టుకుంది. ఆ తర్వాత ప్రతి రోజూ నిన్నటికన్నా కష్టమైపోయింది. అలా అయి ఉంటుందని అనిపించింది. రాయడానికి మాత్రం ఇక రాయను.

సెలవు.
ఎమిలీ


భీమిలి
9 అక్టోబరు 1988

అమ్మా ఎమిలీ,

నన్ను ‘మీరు’ అని రాశావు. ఆ మాట దగ్గరే ఆగిపోయాను. ఏడు వారాలు జవాబు రాయలేకపోయాను.

జేబులో పడుతుంది. ఓవర్‌కోటు జేబులో పడుతుంది.

ఆ బండికి ఫైర్‌మన్ని నేనే. సాయంత్రం నాలుగున్నర, ముసురు. బంతి పైకి తీసి పేర్లు చదివాను, డ్రైవరుకు అరిచి చెప్పాను. అంతలో ఆయన “స్టీము పడిపోతాంది, బొగ్గెయ్ బొగ్గెయ్” అని కేకలేశాడు. బంతి జేబులో వేసుకుని పార అందుకున్నాను. మంట వేడికి కోటు విప్పి నా పెట్టె మీద పడేశాను. దేముడి స్టేషను వచ్చింది. సంచీ పట్టీ బిగించి విసిరేశాను. ఖాళీదని చేతికి తెలియాలి. తెలియలేదు.

కోటు చుట్టి పెట్టెలో కుక్కేశాను. ఇంటికి తెచ్చి గోడకు తగిలిస్తే మేకు ఊడి కిందపడింది. మీ చిన్నమామ్మ “కోటులో ఏటెట్టినావు, రాయా?” అంది. చెయ్యి పెట్టి చూసుకున్నాను. అప్పటికి దేవమణి పదిహేను రోజుల పసిగుడ్డు. నాకు షంటరు ప్రమోషను ఆర్డరు రావాలి. మర్నాడు షెడ్డుకు వెళ్ళేసరికి పాయింట్స్‌మన్ పారేశాడని అందరూ అనేస్తున్నారు. డ్రైవరు సంచీలో బంతి ఉందని రాసిచ్చాడు, పాపం ఆయన నమ్మే రాశాడు. నేను మాత్రం అది సంచీలో లేదని, నా కోటులో ఉందని తెలిసీ ఆ కాగితం కింద సంతకం పెట్టాను.

పదో రోజు బంతి తీసుకుని ఆ స్టేషనుకు వెళ్ళాను. తుప్పల్లో పడేస్తే వాళ్ళకే దొరుకుతుందని నా ఆలోచన. వానలో గట్టు మీద నిలబడి చూస్తే, దేముడు కింద మోకాళ్ళ మీద పాకుతూ ఒక్కో తుప్పా విడదీసి చూస్తున్నాడు. వాణ్ణి చూశాక నా చెయ్యి జేబులోంచి బయటికి రాలేదు. వచ్చిన బండికే తిరిగెళ్ళిపోయాను. మూడేళ్ళు వెతికాడని నువ్వు రాస్తేనే తెలిసింది.

నీ మీద కోపం తెచ్చుకున్నది భయంతో. కథ పాపం అన్నది అబద్ధం. నువ్వు లేనిది కల్పించి నిజం పట్టుకున్నావు. నేను ఉన్నదాన్ని దాచి అబద్ధం చేశాను.

వాల్తేరు నుంచి మీ ఏలియా మామయ్య ఖరగ్‌పూర్ వస్తుంటే ఎండు నెత్తళ్ళ చేపల డబ్బా ఒకటి ఇచ్చి పంపాను. అడుగున బంతి గుడ్డలో చుట్టి ఉంది. తీసి దగ్గర పెట్టుకో. దేముడికి ఇవ్వాలా, ఆఫీసులో ఇవ్వాలా, నేను కాగితం రాసివ్వాలా, నువ్వే చెప్పు. నా పెన్షను ఆపినా సరే. నాకు ఆలోచన తెగడం లేదు.

మూట విప్పి కథ రాయి.

నీ చినతాత


ఝపటాపూర్
23 అక్టోబరు 1988

చినతాతా,

నీ ఉత్తరం గురువారం వచ్చింది. నీ డబ్బా సోమవారమే వచ్చింది!

ఏలియా మామయ్య తెచ్చి ఇస్తే అమ్మ మూత తీసి, నెత్తళ్ళు చూసి, “మనింట్లో ఎవులు తింటారు? దేముడికి జ్వరం తగ్గి నోరు సచ్చిపోనాదట, పులుసెట్టుకుంటాడు” అని మంగళవారం డబ్బా పళంగా దాలమ్మ మామ్మకు ఇచ్చేసింది. గురువారం నీ ఉత్తరం గుమ్మంలోనే నిలబడి చదివాను. వెంటనే, భోజనానికి వచ్చిన నాన్న సైకిలు తీసుకుని ఖరిదాకు ఎలా తొక్కానో నాకే తెలియదు.

దేముడు తాత అరుగు మీద కూర్చుని ఉన్నాడు. ఒళ్ళో తువ్వాలు, తువ్వాలు మీద బంతి. చింతపండుతో తోమినట్టున్నాడు, పేర్లు రెండూ స్పష్టంగా కనిపిస్తున్నాయి. నేను నోరు తెరిచేలోపే “నెత్తళ్ళు బాగున్నాయని రాయి మీ తాతకి” అన్నాడు.

నాకేం అర్థం కాలేదు. బంతి చినతాత దగ్గరుందని నీకు ముందే తెలుసా తాతా అంటే, “తుప్పల్లో ఉందేమో అని మూడేళ్ళు ఎతికినాను. తుప్పల్లో నేదు. సంచీలో నేదు. మరింక కోటులోనే ఉండాల. డ్రైవరు బంతి ముట్టుకోడు. ఇంకెవులున్నారు ఇంజను మీద? అప్పుడే తెలిసిపోనాది” అన్నాడు. మరి ఎవరికీ ఎందుకు చెప్పలేదని అడిగాను. “సెప్తే బంతి సూపించమంటారు. నా కాడ నేదు గదా. నువ్వు కత రాత్తన్నానని వచ్చినావు. ఈ పిల్ల అడిగితే ఆడు సెప్తాడు అనుకున్నాను. అందుకే అడగమన్నాను” అన్నాడు. చినతాతా, నువ్వు అనుమానించింది నిజమే! నా చేత ఒకాయన రాయించాడు. నాకే తెలియలేదు.

నీ ఉత్తరం మొత్తం చదివి వినిపించాను. గట్టు మీద నిలబడిన చోటు రెండుసార్లు చదివించుకున్నాడు. “గొడుగు నేదు ఆడికి. సూసినాను. ఎవులో పాపం తడిసిపోతన్నాడే అనుకున్నాను” అన్నాడు. దాలమ్మ మామ్మ మాత్రం నిన్ను నోటికొచ్చినట్టు తిట్టింది, అవి రాయను. నాకూ నీ మీద చాలా కోపం వచ్చింది. ఇంటికొచ్చి ఏడ్చాను. నన్ను భుజాన ఎక్కించుకున్న చినతాతవీ నువ్వే, ఆ కాగితం మీద సంతకం పెట్టినవాడివీ నువ్వే. రెండూ ఒక మనిషి ఎలా అవుతాడా అని రెండు రోజులుగా ఆలోచిస్తున్నాను.

ఇప్పుడు అసలు సంగతి. బంతి ఆయన ఉంచుకోనన్నాడు. “ఇదెక్కడి రూలు? టోకెను సేపల డబ్బాలో ఇచ్చీస్తారేటి? డ్యూటీలో ఉన్నోడు తెచ్చి, డ్యూటీలో ఉన్నోడి సేతిలో ఎట్టాల. అప్పుడే లైను కిలీరు. ఆఫీసోల్ల సంగతి తరవాత. ముందు ఆడొచ్చి నా సేతికి ఇమ్మను. ఖరిదాలో నన్ను ‘బంతి’ అన్నోల్లందరూ సూడాల” అన్నాడు. మళ్ళీ గుడ్డలో చుట్టి, అదే డబ్బాలో పెట్టి ఇచ్చాడు. రేపు ఏలియా మామయ్య చేతే నీకు పంపుతున్నాను. నెత్తళ్ళు మాత్రం తిరిగిరావు.

మూట విప్పాను. చివరి అధ్యాయంలో బాటసారి పండు తీసుకుని పడమటి వాకిలి దాకా వచ్చాడు. అక్కడ ఆపాను. తర్వాత ఏం చేశాడో నాకు తెలియదు, నువ్వే చెప్పాలి.

ఎమిలీ


భీమిలి
4 నవంబరు 1988

ఎమిలీ,

డబ్బా చేరింది. దేవమణికి అంతా చెప్పాను. రెండు రోజులు కంచం నా ముందు పెట్టి పక్కింటికి వెళ్ళిపోయింది. ఈ ఉదయం నా పెట్టె సర్దింది, పులుసులో ఉప్పు కూడా వేసింది.

పాసు తీసుకున్నాను. పదమూడో తేదీ ఆదివారం హౌరా మెయిలుకు దిగుతాను. చర్చి అయ్యాక మీ నాన్ననూ అమ్మనూ స్టేషనుకు తీసుకురా. దాలమ్మ తిట్లు అక్కడ తింటాను, దాచుకోవద్దని చెప్పు. ఖరిదా వాళ్ళు ఎంతమంది వస్తే అంతమందికీ ప్లాట్‌ఫారం టిక్కెట్లు నావి.

పేర్లు రెండూ గట్టిగా చదివే ఇస్తాను. ఆ రోజు నేనేం చేశానో కూడా గట్టిగానే చెబుతాను. తర్వాత ఆఫీసుకు వెళ్ళి కాగితం రాసిస్తాను. నువ్వు దగ్గరుండి రాయించు, నాకు తప్పులొస్తాయి.

దేముణ్ణి మూడో బోగీ దగ్గర నిలబడమను. బండి పూర్తిగా ఆగేదాకా చెయ్యి చాపొద్దని చెప్పు. ఈసారి విసరను. దిగి ఇస్తాను.

సొలొమోను